వానల ముందు సున్నాలు

పక్కింటివాళ్ళు ఇంటికి సున్నాలు వేయిస్తున్నారు. రోహిణీ కార్తెలో. రమణికి అప్పుడే అనుమానం వచ్చింది.

వానల ముందు ఐనవిల్లిలో ఎవరైనా పెంకులు సర్దించుకుంటారు. మురుక్కాలవలో చెత్త తీయించుకుంటారు. ఇంటిమీదికి వాలిన కొబ్బరిచెట్ల ఎండుమట్టలు కొట్టించుకుంటారు. సున్నాలు మాత్రం సంక్రాంతికో, దసరాకో. తొలి జల్లుకే మరకలు పడతాయని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ ఇంటాయన శివనాగరాజుకు తెలియదా?

"చూపులున్నాయి," అని తేల్చేసింది రమణి. ఆ ఇంట్లో పెళ్ళికెదిగిన ఉషారాణి ఉంది మరి.

రమణికీ ఓ కూతురుంది, సాయిదుర్గ. ఆ పిల్లకు ఈ ఏడాది రెండు సంబంధాలు దగ్గరదాకా వచ్చి వెనక్కెళ్ళాయి. రెండుసార్లూ వాకబుకొచ్చినవాళ్ళు శివనాగరాజు అరుగు మీదే కూర్చుని బోండాం నీళ్ళు తాగి వెళ్ళారు. ఆయన భార్య సత్యవాణే పుల్ల వేసిందని రమణి నమ్మకం. రుజువు లేదు. రమణికి రుజువుతో పనీ లేదు. మూడో సంబంధమైనా నిలవకపోతే పిల్ల ముఖం ఎలా చూడాలో తెలియక కుమిలిపోతోంది.

ఇక తన ఇల్లు చూస్తే విప్పి ఉంది. వాసాలు పుచ్చాయని సగం పెంకులు దింపించారు. కొత్త వాసాలు ఇంకా రాలేదు. కప్పుగా ఉన్నది నీలం టార్పాలిన్ ఒకటే. పెంకు సర్దే అంజిబాబు ఖాళీగా ఉన్నాడు కదా అని సత్యవాణి పట్టుకుపోయింది. తన నిచ్చెన కూడా వాళ్ళ గోడకే ఆనించి కనబడింది.

"మన నిచ్చెన ఎవరిచ్చేరండీ?" అని మొగుణ్ణి నిలదీసింది.

"నేనే. ఆదివారం దాకా ఓపిక పట్టవే," అన్నాడు రాజబాబు, గోడ వైపు చూస్తూ.

శుక్రవారం సత్యవాణి మందార కంచె దగ్గరకొచ్చింది. అడక్కుండానే కంచెను రెండు వైపులా కత్తిరించి పెట్టించింది.

"ఆదివారం ఊళ్ళోనే ఉంటారు కదండీ వదినగారూ? అమ్మాయి కూడా?"

"ఎందుకండీ?"

"ఆయ్, ఊరికేనండి," అని నవ్వి లోపలికెళ్ళిపోయింది.

ఊరికేనట. తాము ఊళ్ళో లేకపోతే అడ్డు ఉండదని కాబోలు. రమణికి కడుపు మండింది.

శనివారం వాసాల ఆటో కోసం సందు మొదట్లో నిలబడి ఉంది. స్కూటర్ మీద ఒక పెద్దాయన ఆగాడు.

"శివనాగరాజు గారి ఇల్లు ఈ సందేనాండి?"

"ఆయ్. మీరెవరండీ?"

"పి.గన్నవరం నుంచండి. ఓ పెళ్ళి మాట మీదొచ్చేను. ఆయన మనిషి ఎలాంటోరండి? మాట మీద నిలబడతారా?"

తనెవరో రమణి చెప్పలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఒకరి గురించి చెప్పకూడదు గానండి, మొగుడూ పెళ్ళాల్లో ఎవరి మాటా నమ్మకండి. పైకి ఓటి, లోపల ఓటి. వానల ముందు సున్నాలు వేయిస్తున్నారు. ఏం కప్పిపుచ్చుకోడానికో మీరే ఆలోచించుకోండి."

ఆయన ఇంకేదో అడగబోయాడు. రమణి అడగనివ్వలేదు. ఇద్దరి గుణగణాలూ ఏకరువు పెట్టింది. ఆయన సందులోకి రాకుండానే స్కూటర్ వెనక్కి తిప్పుకున్నాడు.

చాలా రోజులకు ఆ పూట రమణికి అన్నం సహించింది. ఉషారాణి గుర్తొచ్చినప్పుడు మాత్రం కొంచెం ఇబ్బందిగానే అనిపించింది. పిల్ల మంచిదే. తల్లి చేసుకున్నదానికి రమణి ఏం చేస్తుంది?

ఆదివారం పొద్దున్నే సత్యవాణి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. వెనకాలే రాజబాబు తల దించుకుని నిలబడ్డాడు. రమణి ముఖంలో నవ్వు కనపడకుండా కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమైందండీ?"

సత్యవాణి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ముందే చెబితే మీరు మళ్ళీ ఆశపడి బాధపడతారని దాచేం గానండి, మమ్మల్ని నమ్మొద్దని ఎవరో చెప్పేరంట వదినగారూ, మీ ఇల్లు విప్పి ఉందని మా ఇంట్లో పెట్టుకున్న మన సాయిదుర్గ చూపులకి వాళ్ళింక రామన్నారండి."