ఊటకుంట పరువు

“ఏంది షంషూ ఇది? కుంట కట్టమంటే జల్లెడ కట్టినావా?”

సర్పంచి వరదయ్య కుంట గట్టు మీద నిలబడి గొంతు చించుకుంటున్నాడు. పన్నెండు రోజుల కిందటి వానకు అంచుదాకా నిండిన కుంటలో ఇప్పుడు ఒక మేక దాహం తీరేటన్ని నీళ్లు కూడా లేవు. పేరులో తప్ప ఊళ్లో ఎక్కడా వరద చూడని మనిషి. ఆయన కడుపు మండడంలో తప్పులేదు.

షంషుద్దీన్ మేస్త్రీ తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. “ఇది ఊటకుంట అన్నా. నీళ్లు భూమిలోకి దిగాల. దిగితేనే దిగువ బావుల్లో ఊట ఊరతాదని ఇంజినీరు సారు చెప్పినాడు.”

“ఊటకుంట అంటే కుంటలో ఊట ఊరాల! మింగేదాన్ని ఊటకుంట అంటార్రా? నాకు తెలుగు నేర్పిస్తావా?”

“తెలుగు మీదే అన్నా. నీళ్లు మాత్రం కిందికే పోతాయి.”

ఉదయగిరి కొండ వెనక ఉన్న ఆ ఊరి కుంటకు పెళ్లిపెద్దలు ముగ్గురు. స్థలం, కూలీలు పంచాయతీవి. కూలికిచ్చే గోధుమలు ఒక సేవాసంఘానివి. ప్లాను ప్రభుత్వ ఇంజినీరుది. ఇంకో ఇరవై రోజుల్లో పెద్దలంతా చూడడానికి వస్తున్నారు. బాగుందంటే రెండో కుంట కూడా ఇస్తారు. అది ఎక్కడ కట్టాలో వరదయ్య ఎప్పుడో తేల్చేశాడు. ఎండిపోతున్న తన బత్తాయి తోటకు సరిగ్గా ఎగువన. ప్రజాసేవ ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా!

“ఖాళీ కుంట చూపిస్తే రెండోది ఇస్తారా? మొహాన ఉమ్మేసి పోతారు. బంకమట్టి తోలించు. అడుగంతా జానెడు మందాన పరిపించు” అన్నాడు వరదయ్య.

“దిగువోళ్ల బావులు ఇప్పుడే తడి చూస్తా ఉండాయి అన్నా...”

“బావులు జీపెక్కి వచ్చి చూస్తాయా? చూసేది సార్లు!”

ముప్పై బండ్ల బంకమట్టి వచ్చింది. ఊళ్లో ఉన్న బర్రెలన్నింటినీ కుంటలోకి దించి రెండు రోజులు తొక్కించారు. అడుగు అలికిన వాకిలిలా నున్నగా తయారైంది. ఆ మర్నాడే వాయుగుండం పట్టి కుంట మళ్లీ నిండింది. రోజులు గడిచినా బెత్తెడు కూడా తగ్గలేదు. ముందు వానకు ఊరిన దిగువ రైతు దేవకమ్మ బావి ఈసారి ఊరలేదు. ఆమె వచ్చి మొత్తుకుంటే, “సార్లు వచ్చి పోనీమ్మా, తర్వాత చూద్దాం” అని పంపించేశాడు వరదయ్య.

చెప్పిన రోజుకు రెండు జీపులు వచ్చాయి. ఇంజినీరు గట్టెక్కి, నీళ్లలో కర్ర ముంచి లోతు చూశాడు.

“వాన పడి ఎన్ని రోజులైంది?”

“పద్నాలుగు రోజులు సార్. చుక్క దిగలా!” వరదయ్య ఛాతీ విరుచుకున్నాడు.

షంషుద్దీన్ ఒక అడుగు ముందుకేశాడు. “సార్, దిగువ బావులు కూడా ఒకసారి చూస్తే...” అని గొణిగాడు.

“బావులెందుకయ్యా, ఇక్కడే తెలిసిపోతుంటే!” ఇంజినీరు సేవాసంఘం పెద్దమనిషి చెవిలో ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఇద్దరి మొహాలూ వెలిగిపోయాయి. ఇంజినీరు వచ్చి వరదయ్య చేతులు పట్టుకుని ఊపేశాడు.

“అద్భుతం సర్పంచిగారూ! ఇంత తొందరగా ఇలాంటి ఫలితం నా సర్వీసులో చూడలేదు.”

వరదయ్య మేస్త్రీ వైపు తిరిగి కన్ను గీటాడు. ఆనందం పట్టలేకపోతున్నాడు.

“మరి మా రెండో కుంట సార్?”

ఇంజినీరు ఫైలు తెరిచి, పెన్ను మూత తీస్తూ నవ్వాడు. “ఇంకా ఎందుకండీ? కింద నేలంతా నీళ్లతో నిండిపోతే తప్ప ఊటకుంటలో నీళ్లిలా నిలవవు. మీ ఊరి పేరు కరువు లిస్టులోంచి కొట్టేస్తున్నాను!”