శంఖంలో కాపురం

"మళ్ళీ అదే మాటా! గవ్వ బరువైతే నడిచేదెట్టా?" అంది నూకాలు.

"తేలికైతే బతికేదెట్టా? కొంగ పొడిస్తే నీ గవ్వ అప్పడమే," అన్నాడు గవరయ్య.

ఖాళీ గవ్వల్లో కాపురముండే పీతలు వాళ్ళు. ఆ ఆలుమగలకి మొదట్నించీ ఇదే తగువు.

ఆ పొద్దున ఇసకలో రాయిలాంటి శంఖం ఒకటి దొరికింది. పెద్ద గవ్వ దొరికితే పీతలన్నీ వరస కట్టడం వాడుక. ముందువాడు వదిలింది వెనకవాడు తొడుక్కుంటాడు. గవరయ్య శంఖంలో దూరాడో లేదో, వాడి పాత గవ్వలో ఇంకోడు దూరిపోయాడు.

కొంగ వచ్చి శంఖాన్ని పొడిచింది. ముక్కు నొచ్చి పక్కకి పోయింది.

"చూశావుటే!" అని నవ్వాడు గవరయ్య.

ఈలోగా సముద్రం వెనక్కి పోయింది. తడి వెంబడే పీతలన్నీ వెళ్ళిపోయాయి. గవరయ్య ఎంత లాగినా శంఖం కదల్లేదు. ఎండ ఎక్కింది.

శంఖం లోపలి మెలికలోంచి ఒక గొంతు మెల్లిగా పలికింది. "ఎందుకురా ఆయాసం? ఇక్కడ నిన్నెవరూ ముట్టుకోలేరు. నన్నూ ఎవరూ ముట్టలేదు, చూడు."

గవరయ్య కాలు చాపి తడిమాడు. తనలాంటి పీతే. ఎండి డొల్లయిపోయి ఉంది.

"బయటికి రావయ్యా!" తడి అంచు నించి నూకాలు అరిచింది.

"ఒంటిమీద గవ్వ లేకుండానా? కొంగ అక్కడే ఉందే!"

"ఉంది. పరిగెత్తు!"

పరిగెత్తాడు. వెనక శంఖం పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. నీళ్ళలో పడి ఒళ్ళు తడిమి చూసుకుంటే, దారిలో కొంగకి చెల్లించింది ఒక పెద్ద డెక్క, రెండు కాళ్ళు.