ఎర్ర అంకె

"మళ్ళీ పెరిగింది," అన్నాడు మేనేజరు, గోడ మీది బోర్డు ముందు నడుం మీద చేతులు పెట్టుకుని.

అతను చూస్తుండగానే బోర్డు మీద ఎర్ర అంకె ఇంకాస్త పెరిగింది. రోజూ అర్ధరాత్రి సున్నా నుంచి మొదలై, బస్సు టికెట్లు అమ్మే ప్రోగ్రాములో తప్పు జరిగినప్పుడల్లా పెరిగే అంకె అది. ఆ ప్రోగ్రాము రాసింది మాస్టారు. ఆఫీసులో చేరినవాళ్ళందరికీ పని నేర్పి నేర్పి ఆయనకు ఆ పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు జీతాలిచ్చేవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

బోర్డు పెట్టించింది మాత్రం కొత్తమ్మాయి. ప్రోగ్రాము తను చేసే ప్రతి పనినీ లాగ్ ఫైల్లో లైను లైనుగా రాసుకుంటుంది. ఆ లైన్లను పొద్దస్తమానం చదువుతూ, 'ఎర్రర్' అన్న మాట కనబడగానే లెక్కేసి బోర్డుకెక్కించే ఏజెంటును ఆమె అమర్చింది. ఏజెంటంటే మనిషి కాదు, అదీ ఒక చిన్న ప్రోగ్రామే. ఆరోజు అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది మాస్టారే.

మేనేజరుకు లాగ్ ఫైలు చదవడం రాదు, అంకెలు చదవడం వచ్చు. మేనేజరు కావడానికి ఆమాత్రం చాలు. టికెట్లు కొనేవాళ్ళెవరూ గొడవ చెయ్యడం లేదు కదా అని ఒకరిద్దరు నసిగితే, నిప్పు లేనిదే పొగ రాదన్నాడు. శుక్రవారం లోగా అంకె దిగకపోతే మాస్టారు ఇంటికి వెళ్ళొచ్చని అందరిముందే చెప్పేశాడు.

కారణం వెతికే పని కొత్తమ్మాయి మీద పడింది. మంగళవారం అందరూ భోజనాలకు వెళ్ళిన వేళ ఆమెకు అది దొరికింది.

ఏజెంటు కూడా తను చేసిన పనిని ఒక ఫైల్లో రాసుకుంటుంది, 'ఇక్కడ ఎర్రర్ కనబడింది' అని. ఆ ఫైలును ఆమె వేరేచోట పెట్టడం మరిచిపోయి, ప్రోగ్రాము లాగ్ ఫైళ్ళున్న ఫోల్డర్‌లోనే ఉంచేసింది. తను రాసిన లైనును ఏజెంటు తనే చదివి, అందులో ఎర్రర్ అన్న మాట చూసి, ఇంకో తప్పనుకుని లెక్కేసి, మళ్ళీ రాస్తోంది. తన అరుపు తనే విని మళ్ళీ మొరిగే కుక్కలా. ప్రోగ్రాములో జరిగిన తప్పు ఎప్పుడో ఒక్కటి, అదీ పట్టించుకోనక్కర్లేనిది. మిగతాదంతా ఆమె పొరపాటు.

చెప్పాలనే లేచింది. మళ్ళీ కూర్చుంది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఉంటున్నది అక్క ఇంట్లో, పడుకునేది హాల్లో. బావ ఏమీ అనడు, కానీ తలుపులు మాత్రం గట్టిగా వేస్తాడు. గుట్టుచప్పుడు కాకుండా సరిచేద్దామంటే, ఏది మార్చినా పక్కనే మార్చినవాళ్ళ పేరు పడుతుంది. మాస్టారికేం, అంత అనుభవమున్న మనిషి, ఎక్కడైనా బతుకుతాడు. ఇలాంటి సర్దుబాట్లు మనసు చిటికెలో చేసిపెడుతుంది.

ఆ సాయంత్రం వెళ్ళబోతూ మాస్టారు ఆమె బల్ల దగ్గర ఆగాడు.

"ఏమన్నా కనబడిందామ్మా?"

"లేదు మాస్టారూ."

ఆయన తలూపి వెళ్ళిపోయాడు. బుధవారమూ అదే అడిగాడు, గురువారమూ అదే. అడిగినప్పుడల్లా ఆమెకు జాలేసేది, ఆ వెంటనే విసుగొచ్చేది. ఇంత పెద్దమనిషి తన ప్రోగ్రాము తను చూసుకోలేక ఆమె కాళ్ళావేళ్ళా పడుతున్నట్టుగా ఉండేది. వయసు మీద పడితే ఎంతటివాడికైనా చూపు మందగిస్తుందని ఆఫీసులో అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. ఆమె వాటికి ఔననలేదు, కాదనలేదు.

శుక్రవారం మీటింగులో మేనేజరు సంజాయిషీ అడిగాడు. మాస్టారు ఒక్కసారి కొత్తమ్మాయి వైపు చూశాడు. ఆమె పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టింది.

"నేను చెప్పేదేమీ లేదండి," అన్నాడాయన.

సాయంత్రం చాలాసేపు తన కంప్యూటర్ ముందే కూర్చుని, చివరికి కళ్ళజోడు పెట్టె జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళ మనిషి వెళ్ళిపోతుంటే లేచి నిలబడినవాళ్ళు తక్కువ. ఆమె లేచింది గానీ తల ఎత్తలేదు.

సోమవారం ఉదయానికి బోర్డు మీద సున్నా ఉంది.

"చూశారా? మనిషి వెళ్ళాడు, పీడ విరగడైంది," అన్నాడు మేనేజరు. కొత్తమ్మాయిని పిలిచి, ఉద్యోగం ఖాయమనీ, మాస్టారి సీటు ఇక ఆమెదేననీ చెప్పాడు. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన మాట అది, చెవికి చేదుగా తగిలింది.

వెళ్ళి ఫోల్డర్ తెరిచింది. ఏజెంటు ఫైలు అక్కడ లేదు, వేరేచోటికి మారింది. పక్కన పడిన పేరు మాస్టారిది. ఆమె ఫోను పట్టుకుని మెట్ల దగ్గరికి పరుగెత్తింది.

"మాస్టారూ, ఆ ఫైలు..."

"నేనే మార్చానమ్మా. ఇక నీకు ఢోకా లేదు."

"ఎప్పుడు కనిపెట్టారు?"

"బోర్డు పెట్టిన మర్నాడే."

మరి ఎందుకు చెప్పలేదని అడిగింది.

"నువ్వు చెబుతావని చూశాను."