వదిన నడుము కొలత

రండి రండి, ఇటు దగ్గరికి జరగండి, కాసేపు నోళ్ళు మూయండి! టైలరమ్మ కొట్లో ఏం జరిగిందో చెబుతా.

నెలసరి ఆగే వయసులో ఉన్న వాళ్ళ వదిన, ఏనుగు మోసినా ఆయాసపడేంత సంచీడు మాత్రల డబ్బాలతో దిగింది.

"నువ్వూ మింగవే! నా గర్భసంచిలో నిమ్మకాయంత గడ్డ వీటితో ఆవగింజంత అయిపోయింది."

"స్కాన్‌లో చూశావా?"

"స్కానెందుకే, నాకు తెలీదూ?"

"అబ్బో, కడుపులో కళ్ళున్నాయి కాబోలు!" అంటూ టైలరమ్మ వదిన నడుముకి టేపు చుట్టి, పాత కొలతల పుస్తకం తీసింది. "పోయినేడు ముప్ఫై నాలుగు. ఇప్పుడు ముప్ఫై తొమ్మిది. గడ్డ కరిగిందా, కాపురం పెట్టిందా?"

"ఒళ్ళొచ్చిందిలే."

"మరి చేతులు చిక్కాయేం? మొహం పాలిపోయిందేం?"

వదిన కుర్చీలో కూలబడింది. "మూడు వారాలుగా రక్తం ఆగట్లేదే. డాక్టరమ్మ గర్భసంచి తీసెయ్యాలంటుందేమోనని భయం."

"అందుకని నన్నూ మింగమన్నావా, నీ భయానికి తోడు!" టైలరమ్మ కత్తెర బల్లమీద పడేసింది. "లే, ఆస్పత్రికి పోదాం. ఆ డబ్బాలూ పట్టుకో, ఏం మింగావో డాక్టరమ్మ చూడాలి."

ప్యాంటు బిగువు చేయించుకోడానికొచ్చిన బక్కాయన గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. "అమ్మా, ఆ మాత్రలు నాకిచ్చి పోండి. నడుమే పెరిగితే ప్యాంటు బిగువు చేయించక్కర్లేదు!"