ఎడిత్ కుర్చీ

లండన్‌లో కుర్చీలకు మెత్తలు కుట్టే ఎజ్రా ప్లమ్లీ ఆ సాయంత్రం ఒక కుర్చీ బాగుచేయడానికి గార్సైడ్ అమ్మగారి ఇంటికి వెళ్ళాడు. బిడ్డకు పాలిచ్చేటప్పుడు కూతురు ఎడిత్ కూర్చోవడానికని ఆమె అతనితోనే చేయించిన పొట్టి కుర్చీ అది. ఎడిత్ అందులో ఒక్కసారీ కూర్చోలేదు. పురిట్లోనే తల్లీబిడ్డా పోయారు.

"నెల తిరక్కుండానే గుంట పడిందేంటయ్యా? గుర్రపు వెంట్రుకలని చెప్పి గడ్డి కుక్కావా?"

"నేను కుట్టిన మెత్త ఇరవయ్యేళ్ళైనా దిగదు అమ్మగారూ. ఎవరో రోజూ కూర్చుంటున్నారు."

"ఈ గదికి ఎప్పుడూ తాళం వేసే ఉంటుంది. తాళంచెవి నా దగ్గరే ఉంది."

ఎజ్రా కుట్లు విప్పి చూశాడు. స్ప్రింగులు బాగానే ఉన్నాయి. మెత్త మళ్ళీ నింపి కుట్టేసరికి చీకటి పడింది. పనిముట్లు సర్దుకుంటుంటే వెనక స్ప్రింగులు కిర్రుమన్నాయి. పసిబిడ్డతో ఎవరో జాగ్రత్తగా కూర్చున్నట్టు మెత్త మెల్లగా దిగింది. ఆ తర్వాత జోకొడుతున్నట్టు, ఆగి ఆగి, చిన్న చప్పుడు.

ఎజ్రా కుర్చీ వైపు చెయ్యి చాపాడు. అమ్మగారు ఆ చేతిని పక్కకు నెట్టి, కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"ఇప్పుడు మెత్తగా ఉందా తల్లీ?"

చప్పుడు ఆగిపోయింది. ఇద్దరూ జవాబు కోసం ఎదురుచూశారు.