మొదటి వైపు పాట

క్యాసెట్ ముందు ఏ వైపు పెట్టాలన్న దగ్గర ఆ సాయంత్రం కూడా నానమ్మకూ మనవరాలికీ పేచీ పడింది.

కోదాడ కుర్రాళ్ల ‘తూర్పు చుక్క’ బృందం ఆ ఏడు, అంటే తొంభై ఏడులో, క్రిస్మస్‌కు తెచ్చిన కొత్త క్యాసెట్ అది. మొదటి వైపు పాటలు. రెండో వైపు అవే పాటల రీమిక్సులు.

కాన్వెంటులో చదివిన రోజుల నుంచీ విజయలక్ష్మికి ఆ బృందమంటే ప్రాణం. మొదటి వైపు ఢోలక్ వింటే అన్నం కూడా అక్కర్లేదంటుంది.

ఆమె నానమ్మ ఆండాళమ్మకు మాత్రం రీమిక్సే కావాలి.

“నీ పాటకు నిద్రొస్తది పోరీ. గా రెండోది పెట్టు, జర కాళ్లన్న కదుల్తయ్.”

“మోకాళ్ల నొప్పులకు మా బ్యాండోళ్లు మందు గూడ కనిపెట్టిన్రా నానమ్మా?” అంటూనే విజయ మొదటి వైపు పెట్టింది.

వంటింట్లోంచి స్వరాజ్యలక్ష్మి అత్తనేమీ అనలేక కూతురిని కసిరింది. ఇంకోసారి గొడవ వినిపిస్తే క్యాసెట్ తీసుకెళ్లి బావిలో వేస్తానంది.

ఆమె కిటికీ వైపు చూసేసరికి ఆ మనిషి మళ్లీ కనిపించాడు.

వీధి అవతల, కరెంటు స్తంభం పక్కన. కుడిచేతి మీద తువ్వాలు కప్పుకొని, తల కొంచెం వంచి నిలబడ్డాడు. వారం రోజులుగా ఇదే వరస. రీమిక్స్ మొదలవగానే వెళ్లిపోతాడు.

అతను ఎప్పుడు వెళ్తాడో స్వరాజ్యలక్ష్మి గమనించింది. ఎందుకో ఆలోచించలేదు. పెళ్లీడు పిల్ల ఉన్న ఇల్లు, ఎదురుగా పరాయి మగవాడు. అంతవరకే ఆమె బుద్ధి పోయింది.

“నీకు అక్కాచెల్లెండ్లు లేరా?” అని కిటికీలోంచే అడిగింది.

అతను ఏదో చెప్పబోయాడు. ఆమె అతని మొహం మీదే కిటికీ తలుపు వేసింది.

రైస్ మిల్లు నుంచి అప్పుడే వచ్చిన ఆమె భర్త నర్సింగరావు తలుపు సందులోంచి ఒకసారి చూశాడు. చూసి వెనక్కొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

తరువాత ఒక్కసారిగా లేచాడు. ఆ తువ్వాలు కింద కత్తి ఉందో ఇంకేముందో ఎవరికి తెలుసన్నాడు. రేపటి నుంచి విజయ కాలేజీ మానెయ్యాలన్నాడు.

డిగ్రీ ఆఖరి ఏడని, పరీక్షలు దగ్గరికొచ్చాయని పిల్ల ఏడ్చింది. ఆయన వినలేదు.

మర్నాడు విజయ పుస్తకాలు ముందేసుకొని, ఒక్కటీ తెరవకుండా కూర్చుంది. సాయంత్రం ఆమెను ఊరడించడానికి ఆండాళమ్మే స్వయంగా మొదటి వైపు పెట్టింది.

ఆ మనిషి వచ్చాడు.

స్వరాజ్యలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. తన బిడ్డ చదువు వీడి వల్లే ఆగిందనుకుంది. దసరా తరువాత పనిలో చేరిన కారు డ్రైవర్ పర్వతాలును పిలిచి, వాడు మళ్లీ ఈ వీధిలో అడుగుపెట్టకుండా బుద్ధి చెప్పి రమ్మంది.

పర్వతాలు తిరిగొచ్చి వాకిట్లో మెట్ల మీద కూలబడ్డాడు.

“రెండు వేసిన అమ్మా. తువ్వాలు గుంజిన. కత్తి లేదు గిత్తి లేదు. దాని కింద చెయ్యే లేదు.”

ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

మిగతాది పర్వతాలు తలెత్తకుండా చెప్పాడు. అతని పేరు లచ్చిరాం. హాలియా పక్క తండా. మొన్న ఎండాకాలంలో ఆ పాటలకు ఢోలక్ వాయించింది అతనే. తరువాత చెయ్యి పోయింది. బృందం వాళ్లు మిషన్ దరువు పెట్టి రీమిక్సులు చేసుకున్నారు. హోటళ్లలో, ఆటోల్లో, మిర్యాలగూడలో ఎక్కడ విన్నా రీమిక్సే. తన వాయింపు వినబడేది ఈ ఒక్క కిటికీలోనే. ఈ పూటే పెళ్లాం పిల్లలతో బతకడానికి బొంబాయి పోతున్నాడట. ఆఖరిసారి విని పోదామని వచ్చాడట.

స్వరాజ్యలక్ష్మి పర్వతాలును తీసుకొని బస్టాండుకు పరుగెత్తింది. బొంబాయి రైలు కోసం అతనెక్కిన హైదరాబాదు బస్సు అప్పటికే వెళ్లిపోయింది.

రాత్రి అన్నాలకు కూర్చున్నప్పుడు, పీడ వదిలిందా అని నర్సింగరావు అడిగాడు.

“వదిలింది,” అంది ఆమె చారు పోస్తూ. “గాయినకు కుడి చెయ్యి లేదు.”

“లేకుంటే నేనేం జెయ్యాలె? తిరిగే బెల్టు కాడికి వాణ్ణెవడు పొమ్మన్నడు?”

గరిటె ఆగింది. ఆండాళమ్మ నమలడం మానేసి కొడుకు మొహంలోకి చూసింది.

వానాకాలంలో మిల్లులో ఎవరికో చిన్న దెబ్బ తగిలిందని, కట్టు కట్టించి పంపానని ఆయన చెప్పిన సంగతి స్వరాజ్యలక్ష్మికి గుర్తొచ్చింది.

“చెయ్యి లేదని చెప్పిన. బెల్టు ముచ్చట నేను తియ్యలే.”

నర్సింగరావు కలిపిన అన్నమే మళ్లీ కలిపాడు. మిల్లు పేరు బజారున పడుతుందని ఏదో గొణిగాడు.

“గాయిన దారిల బిడ్డతోని ఈ ముచ్చట చెప్తడని భయపడి చదువు బంద్ పెట్టిన్రు.”



ఆమె విజయ పళ్లెంలో పెరుగు వేసింది. గొంతు పెంచలేదు.

“రేపు బిడ్డ కాలేజీకి పోతది. నేను నల్లగొండ లేబర్ ఆఫీసుకు పోత. లచ్చిరాం చెయ్యి మన మిల్లులనే పోయిందని సాక్ష్యం నేనే చెప్త.”