నాడి వైద్యుడు ఔనన్న రోజు

కొత్త ప్రాసెసర్ దేన్నీ నమ్మని మనిషి, ప్రతి కొత్త ప్రాసెసర్ విడుదలకూ అందరికంటే ముందొచ్చి ఎందుకు కూర్చుంటాడు?

దుకాణదారుకు ఏడేళ్లుగా ఇదే సందేహం.

దేవుడు లేడనేవాడు రోజూ ప్రార్థనకొచ్చి ముందు వరసలో కూర్చుంటే ఏమనుకోవాలి? పాపం, ఏదో వెతుక్కుంటున్నాడనుకోవాలి. అంతకు మించి అడగడం మర్యాద కాదని ఊరుకున్నాడు.

అతనిది కంప్యూటర్లు బిగించి అమ్మే దుకాణం. ఒకటే గది. కొత్త ప్రాసెసర్ వస్తోందంటే చాలు, ఆ గది పెళ్లివారిల్లయిపోయేది. గోడ మీది తెరలో కంపెనీవాళ్లు వేదికెక్కి మాట్లాడుతుంటే కుర్రకారు ఈలలు వేసేది. వాళ్లందరికీ నాయకుడు దుకాణదారు బావమరిది. కంపెనీవాళ్లు రెండింతల వేగమంటే ఇతను మూడింతలని చాటి వచ్చేవాడు.

ఆ సందడిలో ఓ మూల స్టూలు మీద పెద్దాయన.

ఆయనకు తెలియాల్సింది ఒక్కటే, వేడి ఎంత అని. నమూనా వచ్చి కంప్యూటర్ పెట్టెలో బిగించాక, గాలి బయటికొచ్చే చిల్లుల ముందు అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని నూరు లెక్కపెట్టేవాడు. తర్వాత "వద్దు" అనేవాడు. కుర్రాళ్లు ఆయనకు నాడి వైద్యుడని పేరు పెట్టారు.

ఒకసారి తెర మీద వేగాలు పోల్చి చూపే పటంలో పాత ప్రాసెసర్ గీత పుట్టలా, కొత్తదాని గీత కొండలా కనిపించింది. గదంతా ఎగిరి గంతేసింది.

"ఆ గీతలు సున్నా దగ్గర మొదలవలేదు బాబూ. తొంభై దగ్గర మొదలయ్యాయి" అన్నాడాయన.

చూస్తే నిజమే. తేడా నూటికి నాలుగు. దుకాణదారు ఆ సరుకు జోలికి పోలేదు. దాన్ని కొని పెట్టుకున్న ఎదురు వీధి దుకాణంవాడు ఏడాది పొడుగునా తల పట్టుకుని కూర్చున్నాడు.

ఈసారి విషయం పెద్దది. సాయంత్రం ఆరులోగా అడిగిన చిన్న దుకాణాలకు, పెద్ద దుకాణాలతోపాటే యాభై ప్రాసెసర్లు పంపుతామన్నారు కంపెనీవాళ్లు. అమ్ముడైతే పక్క గది కూడా తీసుకోవచ్చు. మిగిలిపోతే ఉన్న గది ఖాళీ చెయ్యాలి.

తెర మీద ముఖ్య ఇంజనీరు, ఒక నడివయసావిడ, ప్రాసెసర్‌ను రెండు వేళ్లతో ఎత్తి చూపించింది. తర్వాత దాని లోపలి బొమ్మ వేశారు.

పెద్దాయన స్టూలు దిగి తెర దగ్గరికెళ్లాడు. ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడి చూశాడు.

"తీసుకో" అన్నాడు.

ఈలలు ఆగిపోయాయి.

"బావా, తొందరపడకు" అన్నాడు బావమరిది, మొహం పాలిపోయి. "ఈయనకే నచ్చిందంటే ఇందులో ఏదో తేడా ఉంది."

అంతే, గాలి తిరిగింది. అప్పటిదాకా గంతులేసినవాళ్లే గీతలు ఎక్కడ మొదలయ్యాయో వెతకసాగారు. ఒకడు కరెంటు ఎక్కువ తాగుతుందేమోనన్నాడు. ఆరు నెలలాగితే దీని తమ్ముడొస్తాడన్నాడు ఇంకొకడు.

ఇంత నమ్మకం ఎలా కుదిరిందని దుకాణదారు పెద్దాయన్ని అడిగాడు.

"ఇన్నాళ్లూ పొయ్యి పెద్దది చేసి, పొగ సంగతి తర్వాత చూసుకునేవాళ్లు. ఈసారి ముందు కిటికీ పెట్టి, ఆ తర్వాత పొయ్యి పెట్టారు."

"తమరు లోపలికెళ్లి చూసొచ్చినట్టున్నారు" అన్నాడు బావమరిది.

పెద్దాయన నవ్వి, వెళ్లి మళ్లీ స్టూలెక్కాడు.

ఆరుకు పది నిమిషాలుంది. దుకాణదారు ఆర్డరు పేజీ తెరిచి, మౌస్ పట్టుకుని గడియారం చూస్తున్నాడు. బిల్లుల బల్ల దగ్గర్నుంచి భార్య తలెత్తింది.

"ఏడేళ్లు వద్దంటే పెద్దమనిషీ, ఇవాళొక్కరోజు తీసుకోమంటే పిచ్చివాడూనా? అయినా మా తమ్ముడి మాట విని మనం ఎప్పుడు బాగుపడ్డాం?"

దుకాణదారు దేవుణ్ణి తల్చుకుని నొక్కేశాడు.

రెండు వారాలకు సరుకొచ్చింది. బయటివాళ్లు సొంతంగా చేసిన పరీక్షల ఫలితాలూ ఆ పొద్దునే వచ్చాయి. చెప్పిన వేగం చెప్పినట్టే ఉంది. పదింటికల్లా జనం గుమ్మం దాటి వీధిలోకి బారులు తీరారు. తాను మొదటినుంచీ చెబుతున్నది ఇదేనని, వరస సరిచేస్తూ అందరితో అంటున్నాడు బావమరిది. పక్క గది తాళం ఎప్పుడిస్తారో కనుక్కోమని భార్య అప్పటికే రెండుసార్లు గుర్తు చేసింది.

మొదట బిగించిన పెట్టెలో బరువైన ఆట ఒకటి గంటసేపు ఆడించారు. పెద్దాయన అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. నూరు దాటింది. రెండు నూర్లు దాటింది. చెయ్యి తియ్యలేదు. బయటికొస్తున్నది పసిపాప ఊపిరంత వెచ్చని గాలి.

అప్పుడే వరస దాటుకుని ఒకావిడ లోపలికొచ్చింది. వెనక్కెళ్లి నిలబడమని చెప్పబోయిన బావమరిది, మొహం చూసి పక్కకు జరిగి దారిచ్చాడు. తెర మీద కనిపించిన ముఖ్య ఇంజనీరు ఆవిడే.

ఆవిడ తిన్నగా పెద్దాయన దగ్గరికెళ్లింది.

"ఇంటికెళ్లాను సార్. ఇక్కడుంటారన్నారు."

సంచీలోంచి అంచులు పచ్చబడిన కాగితం తీసింది. దాని మీద పెన్సిలు బొమ్మ. ఆ రోజు తెర మీద చూసిన ప్రాసెసర్ లోపలి బొమ్మే.

"వేడి పోయే దారి గీసి, మా కంపెనీలో ఉద్యోగం మానేసే రోజు నా బల్ల మీద పెట్టారు. అందినట్టు ఒక్క సంతకం పెట్టమ్మా అన్నారు. పనికిరాని గీతకు సంతకం పెట్టొద్దన్నారు మా పైవాళ్లు. అప్పుడే చేరినదాన్ని, భయపడ్డాను."

"పందొమ్మిదేళ్ల కిందటి మాట. నీ తప్పేముందమ్మా" అన్నాడాయన.

ఇన్నాళ్లూ ఆయన ప్రతి కొత్త ప్రాసెసర్‌లోనూ వెతుక్కున్నది ఏమిటో దుకాణదారుకు అప్పుడు తెలిసింది.

ఆవిడ కాగితాన్ని బిల్లుల బల్ల మీద పరిచి, దుకాణదారు జేబులోని పెన్ను అడిగి తీసుకుని, గీసినవాడి సంతకం పక్కన ఇంకా ఖాళీగానే ఉన్న చోట "అందింది" అని రాసి సంతకం పెట్టింది.